అమ్మ పాడితే భయం

అమ్మ పాట అందుకుందంటే సీఐడీ చెవులు నిక్కబొడుచుకునేవి.

సీఐడీ అంటే ఉద్యోగం కాదు, పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ పేరు నాన్న పెట్టాడు. ఇంట్లో ఎవరు ఎంతసేపు పడుకున్నారో, ఎవరి గొంతులో తేడా వచ్చిందో ఆ పిల్లకి తెలియకుండా ఉండదని నవ్వులాటకి అలా పిలిచేవాడు. పిలిచి పిలిచి అదే ఖాయమైపోయింది. తమ్ముడు బుడంకాయ అయితే అక్కా అనడమే మానేశాడు. "సీఐడీ, నా రెండో సాక్సు కనిపెట్టవా?" అనేవాడు.

అనుమానం ఊరికే రాలేదు. రెండేళ్ళ కిందట అమ్మ ఇలాగే పాడింది. మొదట మెల్లగా, కుట్టుమిషను చప్పుడుకి తగ్గట్టు. తర్వాత గట్టిగా. ఆ తర్వాత నిద్ర దండగన్నది. వీధిలో ప్రతి ఇంటికీ తనే కొత్త కర్టెన్లు కుట్టి ఇస్తానని తలుపు తలుపూ తట్టింది. వద్దన్నవాళ్ళ పాత కర్టెన్లు కూడా పీకి పట్టుకొచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం బుడంకాయని చెడ్డీ బనీనుతోనే బస్సెక్కించి, సముద్రం చూపిస్తానని బయల్దేరింది. ఆ రూటులో సముద్రం లేదు. ఆఖరి స్టాపులో డ్రైవరు దిగమంటే, బస్సు ఇంకా ముందుకు పోవాల్సిందేనని గొడవకి దిగింది. ఎవరో నాన్నకి ఫోన్ చేశారు.

తర్వాత ఆస్పత్రి. ఆస్పత్రి నుంచి వచ్చాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకోవడం. ఇంత జరిగినా పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పింది ఒక్కటే ముక్క: "అమ్మకి నీరసంగా ఉంది." నీరసంగా ఉన్న మనిషి వీధి వీధంతా కర్టెన్లు పీకుతుందా? అడిగితే నాన్న ముఖం తిప్పుకుని స్క్రూడ్రైవర్ వెతుక్కునేవాడు. ఆయన పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలివాళ్ళకి ధైర్యం చెప్పగలడు గానీ, ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు. ఇక లాభం లేదని సీఐడీ తనంతట తనే కనిపెట్టడం మొదలుపెట్టింది.

అమ్మ ఇప్పుడు బాగుంది. బాగుందని అందరూ అనేవారు. ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని మళ్ళీ కుడుతోంది. అయినా సీఐడీ కళ్ళల్లో వత్తులేసుకుని చూసేది. అమ్మ నవ్వితే ఎంతసేపు నవ్విందో, ఫోనులో మాట్లాడితే ఎంత వేగంగా మాట్లాడిందో గమనించేది. బళ్ళో పాఠం మధ్యలో కడుపునొప్పి అని చెప్పి ఇంటికొచ్చి, కిటికీలోంచి అమ్మని చూసి, సందు చివరే కూర్చుండిపోయేది. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి టీచరు నాన్నని పిలిపించింది. నాన్న, అమ్మని చూసే డాక్టరుకి చెప్పాడు. ఆయన, ఇలాంటి ఇళ్ళలో పిల్లల్నీ కలుపుకుని కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్ ఉంది, అందరూ కలిసి వెళ్ళండి అన్నాడు.

అందరూ కలిసి! ఎందుకు? సీఐడీకి అక్కడే తేడా కొట్టింది. అంతకు ముందే నాన్న మెట్ల దగ్గర నిలబడి, వాళ్ళక్కతో, అంటే అత్తయ్యతో, గుసగుసగా ఫోనులో అనడం వింది. "పిల్లల్ని నీ దగ్గరికి పంపిస్తే..." అంతే వినబడింది. తర్వాత తలుపు మూసుకుంది. ఆ ఒక్క ముక్క చాలు. కౌన్సిలర్ కాదు, ఏమీ కాదు. అమ్మ పనికిరాదని రుజువులు పోగుచేసి, తమని అత్తయ్యకి అప్పగించే ఏర్పాటు ఇది.

వెళ్ళే ముందు బుడంకాయని బాత్రూంలోకి లాక్కెళ్ళి తర్ఫీదు ఇచ్చింది.

"ఆవిడ ఏమడిగినా బాగుంది అని చెప్పు. ఇంకో మాట మాట్లాడావంటే చూడు."

"ఏదడిగినా?"

"ఏదడిగినా."

కౌన్సిలర్ గది పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉంది. కింద ఎవరికో పన్ను తొలుస్తుంటే ఆ రొద నేలలోంచి పాకి అరికాళ్ళకి తగిలేది. గుండ్రంగా వేసిన కుర్చీలు, ఒక మూల బొమ్మలు, ఇంకో పక్క పట్టీల తెర దించేసిన కిటికీ. అది బయటికి తెరుచుకునే కిటికీ కాదు, పక్కగదిలోకి. సీఐడీ ఆ తెరకి ఎదురుగా ఉన్న కుర్చీ చూసి కూర్చుంది.

కౌన్సిలర్ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. ఎక్కువ మాట్లాడదు. ఏదో అడిగి ఊరుకుంటుంది. ఎదుటివాళ్ళు ఆ మౌనం భరించలేక కక్కేయాలని కాబోలు, పోలీసులు కూడా ఇలాగే చేస్తారనుకుంది సీఐడీ.

"నీకెన్నేళ్ళు బాబూ?" అని కౌన్సిలర్ బుడంకాయని అడిగింది.

"బాగుంది."

"ఏ క్లాసు?"

"బాగుంది."

అమ్మకి నవ్వాగలేదు. నాన్న సీఐడీ వైపు చూశాడు. కౌన్సిలర్ కూడా చూసింది. అమ్మ జబ్బుకి పేరుందని, దాన్ని బైపోలార్ అంటారని పిల్లలిద్దరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పింది. మనసు ఒక్కోసారి మితిమీరి పైకెగురుతుంది, ఒక్కోసారి అడుక్కి పడిపోతుంది, మందులతో చాలామటుకు నిలకడగా ఉంటుంది, ఇందులో పిల్లల తప్పేమీ లేదు అంది. తప్పు లేదని ప్రత్యేకంగా చెప్పిందంటే ఉందని ఎవరో అనే ఉంటారు, అనుకుంది సీఐడీ.

తర్వాత, అమ్మకి బాగోలేదని ఎవరికి ఎలా తెలుస్తుందని కౌన్సిలర్ అడిగింది. నాన్న నిద్ర సంగతి చెప్పాడు. బుడంకాయ బాగుందన్నాడు. సీఐడీ, నాకేం తెలీదంది.

"నాకు మాత్రం మా అమ్మాయి మొహం చూస్తే తెలుస్తుందండీ," అంది అమ్మ. "నేను నవ్వగానే నా కళ్ళలోకి చూస్తుంది. స్టవ్ మీద పాలు పొంగుతాయేమోనని చూసినట్టు. దాంతో నవ్వు సగంలోనే ఆపేస్తాను."

ఆ మాట వినగానే సీఐడీ లేచి సరాసరి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి పట్టీల తెర సర్రున లాగింది. అవతల ఎవరూ లేరు. విరిగిన కుర్చీ ఒకటి, చీపురు, గోడకి ఆనించిన ప్లాస్టిక్ గుర్రం ఉన్నాయి.

"ఎవరైనా ఉన్నారనుకున్నావా?" అని అడిగింది కౌన్సిలర్.

"లేదు. గాలి కోసం," అంది సీఐడీ.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మకి ఒక నాటకాల బృందం నుంచి పని వచ్చింది. రాజులవీ సైనికులవీ దుస్తులు, ఎర్ర మఖమల్ తానులు, జలతారు అంచులు. ఇల్లంతా దర్బారులా తయారైంది. కర్టెన్లు కుట్టీ కుట్టీ విసిగిన అమ్మకి ప్రాణం లేచొచ్చింది. తెల్లారకముందే లేచి ఇస్త్రీపెట్టె వేడి చేసుకునేది. సైనికుడి టోపీ బుడంకాయ నెత్తిన పెట్టి కొలత చూసేది. పాడేది.

సీఐడీకి అన్నం సయించలేదు. అంతకు నెల కిందటే డాక్టరు అమ్మ మందు మోతాదు తగ్గించాడు. చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కడం లేదని అమ్మ మొరపెట్టుకుంటే తగ్గించాడు. ఎవరిని అడిగి తగ్గించాడు? సూది కోసం మనిషిని పాడుచేస్తాడా?

"నాన్నా, అమ్మ మళ్ళీ పాడుతోంది," అంది.

"పని దొరికింది కదమ్మా, సంబరం. పాడనీ."

"తెల్లారకుండానే లేస్తోంది."

"త్వరగా పడుకుంటోందిగా. నేను చూస్తూనే ఉన్నా. నువ్వు చదువుకో."

పోయినసారీ ఇలాగే అన్నాడు. కౌన్సిలర్‌కి చెబుదామంటే ఆవిడ ఎవరి మనిషో తెలియదు. అత్తయ్యకి చెబితే ఇంకేముంది, పెట్టె సర్దేస్తుంది. అందుకని సీఐడీ ఎవరికీ చెప్పలేదు. బొత్తాల డబ్బాల వెనక, మోతాదు తగ్గించినప్పుడు మిగిలిపోయిన పాత మాత్రల స్ట్రిప్పు ఉందని ఆ పిల్లకి తెలుసు. పొద్దున్నే అమ్మకి టీ పెట్టివ్వడం తన పనే. మాత్ర నలిపి టీలో కలిపింది. రుచి తెలియకుండా చక్కెర ఎక్కువ వేసింది. మర్నాడు మొదలుకుని రోజూ అదే చేసింది. పాత మందు పడితే పాత అమ్మ వస్తుందని, అంతకు మించి ఏమీ అనుకోలేదు.

కొన్ని రోజులకి అమ్మ పాట ఆగిపోయింది. సీఐడీ హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత అమ్మ చేతులు వణకడం మొదలైంది. ఇస్త్రీ వేడిలో కూర్చుని నీళ్ళు తాగక కాబోలు అనుకుంది అమ్మ. రెండుసార్లు వాంతి చేసుకుంది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఒక సాయంత్రం మిషను ముందు నుంచి లేవబోయి, రాజుగారి అంగరఖా పట్టుకునే నేలకూలింది.

ఆస్పత్రిలో రక్తం తీసి చూశారు. డ్యూటీ డాక్టరు నాన్నని పక్కకి పిలిచాడు గానీ, ఆ మాట కారిడార్‌లో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

"ఒంట్లో మందు బాగా ఎక్కువైందండీ. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలకే ముప్పు. ఆవిడ ఎక్కువ మాత్రలు ఏమైనా వేసుకున్నారా?"

"లేదు," అంది అమ్మ మంచం మీద నుంచి, నాలుక తడబడుతూ. "ఎంత చెప్పారో అంతే వేసుకున్నాను."

డాక్టరు నాన్నని చూశాడు. నాన్న నేలని చూశాడు. అమ్మ మాట అక్కడ ఎవరూ నమ్మలేదు.

అత్తయ్య బ్యాగుతో సహా దిగింది. కారిడార్‌లో నాన్నతో, "ఒరేయ్ తమ్ముడూ, కావాలనే మింగిందేమోరా," అంది. గొంతు తగ్గించే అంది, కానీ సీఐడీ విన్నది. నాన్న ఇంటికి వెళ్ళి కత్తెరలన్నీ తీసి పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అది చూసి సీఐడీ, నేనే అని చెప్పాలని నాన్న దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచింది. "దాహంగా ఉంది," అంది. ఆయన నీళ్ళిచ్చాడు.

అమ్మకి సెలైన్ ఎక్కించి, మందు ఆపి, మళ్ళీ రక్తం చూసి, ఇంటికి పంపించారు. ఇంటికొచ్చిన అమ్మ వెనకాలే ఎవరో ఒకరు ఉండేవారు. బాత్రూంకి వెళ్ళినా అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "అయిందా?" అనేది. వచ్చినప్పటి నుంచి గట్టిగా మాట్లాడని అమ్మ, ఉన్నట్టుండి ఒక పూట నాన్నతో అంది: "నేనే వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ వేసుకుని ఉంటాను. ఇక వదిలెయ్యండి."

నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. సీఐడీకి మాత్రం అనుమానం వచ్చింది. ఆస్పత్రిలో అంత గట్టిగా లేదన్న మనిషి ఇప్పుడు అవునంటోందేమిటి? ముందుగదిలో ఎవరూ లేనప్పుడు బొత్తాల డబ్బాల వెనక చెయ్యి పెట్టి చూసింది. స్ట్రిప్పు లేదు.

ఎవరు తీశారు? నాన్నా? అత్తయ్యా? తీసినవాళ్ళు ఎందుకు అడగడం లేదు? ఆ రోజంతా ఒక్కొక్కరి మొహమే చూస్తూ తిరిగింది. అందరూ మామూలుగానే ఉన్నారు.

ఆ వారం కౌన్సిలర్ దగ్గరికి అత్తయ్య కూడా వచ్చింది. కింద పన్ను తొలిచే రొద. నాన్న జరిగింది చెప్పాడు. కౌన్సిలర్ అమ్మ వైపు తిరిగి, మీరేం చెబుతారని అడిగింది.

"మర్చిపోయి మళ్ళీ వేసుకున్నానండీ. పనిలో పడి." ఆ మాట అంటూ అమ్మ బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంది.

సీఐడీకి ఆ వేలు తెలుసు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు అడిగితే, రేపటికల్లా అయిపోతుందండీ అని చెప్పేటప్పుడు అమ్మ అలాగే రుద్దుకుంటుంది. అబద్ధం. అమ్మకి తెలుసు. తెలిసి, నేరం తన నెత్తిన వేసుకుంటోంది.

"అమ్మ అబద్ధం చెప్తోంది," అంది సీఐడీ.

అత్తయ్య ఉలిక్కిపడింది. "ఏంటే ఆ మాట?"

"అమ్మ వేసుకోలేదు. నేను వేశాను. టీలో."

నాన్న లేచి నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. బుడంకాయ అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు వేశావు?" అని అడిగింది కౌన్సిలర్, వయసెంత అని అడిగినంత మామూలుగా.

"పాడుతోంది," అంది సీఐడీ. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. "పాడుతోందని చెప్పాను. ఎవరూ వినలేదు. మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోతుందని... అత్తయ్య మమ్మల్ని తీసుకుపోతుందని..."

"నేనా?" అంది అత్తయ్య. "మీ నాన్న ఫోన్ చేసి భోరుమన్నాడే. పిల్లలకి నాలుగు రోజులు గాలి మార్పు ఉంటుంది, పంపించనా అక్కా అన్నాడు. సెలవులకి! నేనేమైనా మిమ్మల్ని ఎత్తుకుపోయే దాన్నా?"

"మరి అలా అని నాకెవరు చెప్పారు?"

నాన్న రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. అది నిజం.

అప్పుడు అమ్మ మాట్లాడింది. "టీలో చక్కెర ఎందుకు ఎక్కువైందా అని అప్పుడే అనుకున్నాను. ఇంటికొచ్చి వెతికితే ఆ స్ట్రిప్పు సగం ఖాళీగా ఉంది. తీసి పారేశాను. చిన్నపిల్ల, దానికేమీ కాకూడదని నా మీదే వేసుకున్నాను." గొంతు మారింది. "కానీ నాకు కోపంగా ఉంది, తెలుసా? ఆస్పత్రిలో అందరూ నన్ను దొంగని చూసినట్టు చూశారు. నా బుర్ర మళ్ళీ చెడిపోయింది కాబోలు, మింగి మర్చిపోయాను కాబోలు అని నన్ను నేనే నమ్మలేదు. నన్ను అలా చేసింది నా కూతురు. చచ్చిపోయేదాన్ని, తల్లీ."

సీఐడీ తల వంచుకుని విన్నది. విచిత్రంగా, ఆ కోపం భయం పుట్టించలేదు. అమ్మ గొంతు పైకెగరలేదు, అడుక్కి జారలేదు. మామూలు అమ్మ మామూలుగా కోప్పడుతోంది. అలా కోప్పడి ఎన్నాళ్ళయిందో.

"అవునమ్మా. తప్పు నాదే," అంది.

"నీది తప్పే," అంది కౌన్సిలర్. "కానీ ఆ కాపలా నీకెవరు అప్పజెప్పారు? నువ్వు కాయాల్సిన కాపలా కాదది. ఇప్పుడు దాన్ని పెద్దవాళ్ళు తీసుకోవాలి." నాన్న వైపు చూసింది. నాన్న తలూపాడు.

తర్వాత చాలా వారాలు గుండ్రంగా వేసిన ఆ కుర్చీల్లో ఆ లెక్కలే తేల్చుకున్నారు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పారు. మాత్రలు నాన్న దగ్గర ఉంటాయి, పొద్దున టీ కూడా ఆయనే పెడతాడు. నాన్న పెట్టే టీ తాగి బతకడం కూడా ఒక వైద్యమేనంది అమ్మ. ఏది జబ్బో ఏది కాదో ఎవరూ ఊహించనక్కర్లేకుండా అమ్మే చెప్పింది: "పాట నాది. దాని జోలికి రావద్దు. కానీ నిద్ర అక్కర్లేదని నేను మీ నాన్నతో పోట్లాడినా, చెప్పాపెట్టకుండా బయటికి పోతానన్నా, అప్పుడు నా మాట వినకండి. డాక్టరుని పిలవండి. నేను తిడతాను. తిట్లు పడండి." నీకు ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరికి చెబుతావని కౌన్సిలర్ సీఐడీని అడిగితే, నాన్నకి, ఆయన వినకపోతే అత్తయ్యకి అంది. అత్తయ్య ముక్కు చీదుకుంది.

ఒకసారి మిగతావాళ్ళని బయట కూర్చోమని, సీఐడీ కౌన్సిలర్‌ని ఒంటరిగా అడిగింది. "నాకూ వస్తుందా?"

ఆ పిల్లకి అన్నిటికన్నా పెద్ద అనుమానం తన మీదే. పొద్దున హుషారుగా లేచినా, సాయంత్రం దిగులేసినా, మొదలైందా అని వెతుక్కునేది. రాదులే అని కౌన్సిలర్ కాకమ్మ కథలు చెబుతుందేమోనని మొహం వైపే చూసింది.

"మిగతా పిల్లలకన్నా నీకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే," అంది కౌన్సిలర్. "రాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఒకవేళ వచ్చినా, మీ అమ్మకి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది, నీకు అలా కాదు. చెప్పుకోవడానికి నీకు మనుషులున్నారు."

అది తీపి మాట కాదు. అందుకే సీఐడీ నమ్మింది. పూర్తిగా కాదు, చాలామటుకు.

చలికాలంలో అమ్మ మళ్ళీ మెల్లగా కుంగింది. మిషను మీద గుడ్డ కప్పేసింది. ఒక పొద్దుటి పూట పిల్లలు బడికి తయారవుతుంటే నాన్న వంటింట్లో గిన్నె దించి, పనిబట్టలతోనే వాళ్ళ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మ మనసు మళ్ళీ కిందికి పోతోంది. నిన్న డాక్టరుతో మాట్లాడాను. మందు మారుస్తారట. సాయంత్రం అత్తయ్య వస్తుంది." లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు. నాన్న ఇంత మాట్లాడటం వాళ్ళు ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

బుడంకాయ అమ్మ గది వైపు చూసి, "నేను లోపలికి వెళ్ళొచ్చా?" అన్నాడు. వెళ్ళమన్నాడు నాన్న. వాడు వెళ్ళాక కూడా సీఐడీ కదల్లేదు. సంచీ భుజాన వేసుకుని ఆయన మొహమే చూస్తోంది.

"అంతేనా? ఇంకేమైనా దాస్తున్నావా నాన్నా?"

నాన్న స్క్రూడ్రైవర్ కోసం జేబు తడుముకున్నాడు. తర్వాత చెయ్యి బయటికి తీసేశాడు.

"మందు పనిచేయకపోతే ఆస్పత్రిలో ఉంచాల్సి రావచ్చన్నారు. అది చెప్పకూడదనుకున్నా."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"వచ్చే వారం. తెలిసిన రోజే మీకు చెప్తా."

సీఐడీ సంచీ కిందకి దించి, ఆయన పక్కన కుర్చీలో కూర్చుంది. "సరే. ఆస్పత్రిలో ఎలా ఉంటుందో మొదట్నుంచీ చెప్పు," అంది. బడి టైము అవుతోందని ఇద్దరికీ తెలుసు. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు.